కొత్త టైరు వేరు, చల్లని టైరు వేరు

టైరు మార్పించుకుని షాపు నుంచి బయటికి వచ్చిన బండి రెండో మలుపులోనో మూడో మలుపులోనో జారిపడటం మన ఊళ్లలో అరుదైన సంగతేం కాదు. స్పీడు ముప్పై కూడా ఉండదు. రోడ్డు పొడిగానే ఉంటుంది. పడ్డ మనిషి లేచి బట్టలు దులుపుకుని టైరు వంక చూస్తే అది నల్లగా నిగనిగలాడుతూ, లోతైన గాళ్లతో, ఏ లోపమూ లేకుండా కనిపిస్తుంది. బోడి టైరుతో ఏడాది పాటు తిరిగినా పడని మనిషి కొత్త టైరుతో మొదటి రోజే ఎందుకు పడ్డాడో ఎవరికీ అర్థం కాదు. చుట్టూ చేరినవాళ్లలో ఒకరు "కొత్త టైరు మీద ఆయిల్ ఉంటుంది" అంటారు. ఇంకొకరు "టైరు ఇంకా వేడెక్కలేదు" అంటారు.

ఈ రెండు మాటలూ రెండు వేర్వేరు సంగతులు. కొత్త టైరు రోడ్డుకు అలవాటు పడటం దాని జీవితంలో ఒక్కసారి జరిగే పని. టైరు వేడెక్కడం బండి బయటికి తీసిన ప్రతిసారీ జరిగే పని. మొదటిది ప్రధానంగా టైరు పైపొరకు సంబంధించింది, రెండోది ఎక్కువగా లోపలి పొరలకు సంబంధించింది. రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్ల కొన్ని ప్రమాదకరమైన అలవాట్లు పాతుకుపోయాయి. టైరును 'వేడెక్కించడానికి' రోడ్డు మీద పాములా మెలికలు తిరగడం, కొత్త టైరును పెట్రోలుతో తుడవడం, ఎండాకాలం వచ్చిందని గాలి తగ్గించి కొట్టించుకోవడం అలాంటివే. వీటిలో చివరిది ప్రాణాల మీదికి తెచ్చే అలవాటు కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి. ముందుగా అసలు టైరు రోడ్డును ఎలా పట్టుకుంటుందో చూద్దాం.

తారు రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూస్తే అది నున్నగా ఉండదు. కంకర ముక్కలు పైకి పొడుచుకుని ఉంటాయి, వాటి మధ్య చిన్న చిన్న గుంతలు ఉంటాయి. ఒక్కో కంకర ముక్కను వేలితో రాస్తే మళ్లీ దాని మీద గరుకు కాగితం లాంటి గరుకు తగులుతుంది. బండి బరువుకి రబ్బరు ఈ గుంతల్లోకి నొక్కుకుపోయి కంకర ముక్కల చుట్టూ సర్దుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు ఆ ముక్కలు రబ్బరును వెనక్కి పట్టి లాగుతాయి. ఇది ఒక రకం పట్టు. ఇక రెండో రకం, రబ్బరు అణువులు రోడ్డు ఉపరితలాన్ని నేరుగా తాకి క్షణకాలం అంటుకోవడం. ఈ రెండో పట్టుకి రెండు షరతులు ఉన్నాయి. రబ్బరు శుభ్రంగా ఉండాలి, రోడ్డు పొడిగా ఉండాలి. మధ్యలో నీళ్లు గానీ నూనె గానీ మైనం గానీ దుమ్ము గానీ పలచటి పొరలా చేరినా ఈ అంటు తెగిపోతుంది. బండి మొత్తం బరువునూ, దాని మీద ఎక్కిన మనుషుల బరువునూ మోస్తూ నేలను తాకేది ఒక్కో టైరు కింద అరచేతిలో పట్టేంత జాగా మాత్రమే. కాబట్టి ఆ జాగాలో ఏముందన్నదే ముఖ్యం.

కొత్త టైరు ఆ జాగాలో ఏం పెడుతుంది? ఫ్యాక్టరీలో పచ్చి టైరును ఉక్కు అచ్చులో పెట్టి, లోపలి నుంచి రబ్బరు సంచీతో గట్టిగా నొక్కి, 150 డిగ్రీలకు పైగా వేడిలో ఉడికిస్తారు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజింగ్ పని ఇదే. పంక్చర్ షాపు బోర్డు మీద మనం రోజూ చూసే మాట అక్కడి నుంచే వచ్చింది. రబ్బరులోని పొడవాటి గొలుసులను గంధకం ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. అచ్చులో ఇరుక్కున్న గాలి బయటికి పోయేందుకు సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి పాకిన రబ్బరే కొత్త టైరు మీద వెంట్రుకల్లా నిలబడి ఉంటుంది. అచ్చు లోపలి గోడ ఎంత నున్నగా ఉంటే టైరు పైపొర అంత నున్నగా వస్తుంది. కొత్త టైరు నిగనిగకి అసలు కారణం ఈ అచ్చుగుద్దిన నునుపే.

ఇక 'ఆయిల్' మాటకొద్దాం. టైరు అచ్చుకి అంటుకోకుండా పూసే పదార్థం గురించి ఈ మాట పుట్టింది. ఒకప్పుడు అది నిజమే. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీల్లో అచ్చుకే అంటుకోని పూత ఉంటోంది కాబట్టి ప్రతి టైరుకూ జారుడు మందు పూసే అవసరం తగ్గింది. అంతమాత్రాన ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. టైరు ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ పగిలిపోకుండా రబ్బరులో మైనం, ఇంకొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు వాడకుండా ఉన్నకొద్దీ ఇవి లోపలి నుంచి మెల్లగా పైకి చేరి పలచటి పొరలా పరుచుకుంటాయి. గోడౌన్‌లో నెలల తరబడి ఉన్న టైరు మీద ఈ పొర ఉంటుంది. దీనికి తోడు టైరును రిమ్ముకి ఎక్కించేటప్పుడు అంచులకు సబ్బు నీళ్లు పూస్తారు. అందులో కొంత ట్రెడ్ మీదికి, అంటే నేలను తాకే రబ్బరు మీదికి కూడా కారుతుంది. అంటే అచ్చు నునుపు, పైకి చేరిన మైనం, సబ్బు, ఈ మూడూ కలిసి మొదటి కొన్ని కిలోమీటర్లు రబ్బరుకీ రోడ్డుకీ మధ్య అడ్డుపడతాయి.

ఇవన్నీ కంపెనీ నుంచీ షాపు నుంచీ వచ్చేవి. మనం చేతులారా పూసేది ఇంకొకటి ఉంది, టైరు పాలిష్. కొత్త బండి డెలివరీ రోజున టైర్లు తళతళలాడాలని కొన్నిచోట్ల పాలిష్ కొడతారు. నీళ్ల సర్వీసింగ్ అయ్యాక కూడా కొడతారు. ఆ పాలిష్‌లో చాలా వాటికి సిలికాన్ నూనే ఆధారం. టైరు పక్కగోడలకి కొడితే పెద్ద నష్టం లేదు. స్ప్రే కొట్టినప్పుడు అది పక్కగోడ దగ్గరే ఆగిపోదు, గుడ్డతో రుద్దినప్పుడు ట్రెడ్ అంచు వరకూ పాకుతుంది. బండి వాలినప్పుడు నేలను తాకేది సరిగ్గా ఆ అంచే. షోరూమ్ నుంచి నేరుగా గుడికి వెళ్లి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బండి బయటికి తీసే ఆ మొదటి గంటను ఒకసారి ఊహించుకోండి. అచ్చు నునుపు మీద పాలిష్, పాలిష్ మీద నిమ్మరసం, కొబ్బరినీళ్లు, వెనక సీటులో ఇంట్లోవాళ్లు, ముందు ట్రాఫిక్. పూజ మానక్కర్లేదు. పాలిష్ వద్దని ముందే చెప్పి, గుడి దగ్గర పొడిగుడ్డతో టైరు తుడిచి, ఇంటిదాకా మెల్లగా వెళితే చాలు.

కంపెనీలు సాధారణంగా కొత్త టైరుకు తొలి 100 నుంచి 160 కిలోమీటర్ల వరకూ జాగ్రత్తగా నడపమని చెబుతాయి. మరికొన్ని 200 అంటాయి. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద తిన్నగా 160 కిలోమీటర్లు వెళ్లిన టైరు 'సెట్ అయిపోయింది' అనుకుంటారు. బండి టైరు కారు టైరులా బల్లపరుపుగా ఉండదు, గుండ్రంగా ఉంటుంది. తిన్నగా వెళ్లేటప్పుడు నేలను తాకేది మధ్య పట్టీ ఒక్కటే. బండి ఎంత వాలితే తాకే చోటు అంత పక్కకి జరుగుతుంది. ఆ హైవే ప్రయాణం అయ్యాక టైరు చూస్తే మధ్యలో బూడిద రంగు తిరిగి గరుకుగా ఉంటుంది, రెండు పక్కలా రెండు వేళ్ల వెడల్పున నిగనిగ అలాగే ఉంటుంది. మధ్యభాగం వయసు 160 కిలోమీటర్లు, అంచుల వయసు సున్నా. సిటీలో ఆఫీసుకీ ఇంటికీ తిరిగే చాలా బండ్లకు వేల కిలోమీటర్లు నడిచినా ఆ అంచులు కొత్తగానే ఉంటాయి. ఏడాది తర్వాత అదే బండి మీద శ్రీశైలం ఘాట్ దిగుతూ ఎదురుగా వచ్చిన బస్సుకి దారివ్వడానికి ఒక్కసారిగా బండి వంచాల్సి వస్తే, ఏడాది క్రితం కొన్న టైరు కాస్తా ఆ క్షణంలో షాపు నుంచి అప్పుడే తెచ్చిన టైరుతో సమానం. కిలోమీటర్లు లెక్కపెట్టడం కంటే టైరు మీద నిగనిగ ఎంతవరకు పోయిందో చూసుకోవడమే నికరమైన కొలత.

కొత్త టైరుతో పడిపోవడానికి జారుడుతో సంబంధం లేని ఇంకో కారణం కూడా ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తిన్నటి రోడ్ల మీద అరిగిన పాత టైరు మధ్యలో చదునైపోతుంది. అలాంటి టైరు మీద బండి నిటారుగా మొండిగా నిలబడుతుంది, వంచాలంటే హ్యాండిల్‌ని కాస్త బలంగా నొక్కాలి. ఏడాదో రెండేళ్లో చేతులు ఆ బలానికి అలవాటు పడిపోతాయి. గుండ్రటి కొత్త టైరు పడగానే అదే బలంతో హ్యాండిల్ నొక్కితే బండి అనుకున్నదానికంటే వేగంగా, ఎక్కువగా వాలిపోతుంది. పైగా కొత్త ట్రెడ్ దిమ్మలు పూర్తి ఎత్తులో ఉంటాయి కాబట్టి బరువుకి అవి అటూ ఇటూ ఒరుగుతాయి, బండి కింద ఏదో కదులుతున్నట్టు ఉంటుంది. కంగారుపడి బ్రేకు పట్టుకున్నారంటే, నిగనిగ పోని అంచు మీద ముందు టైరు నిలవదు. జారిపోయిన తర్వాత నెపం ఆయిల్ మీదికి పోతుంది. నిజానికి అక్కడ టైరు కంటే ముందు చేతులు అలవాటు పడాలి. అందుకే మొదటి రోజుల మెల్లని నడక టైరుకి ఎంత అవసరమో నడిపే మనిషికీ అంతే అవసరం.

ఇక వేడి సంగతి. టైరు వేడెక్కడానికి ఎండే కారణమని, రోడ్డు కాలిపోతుంటే టైరూ కాలిపోతుందని మామూలుగా అనుకుంటాం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం రెండింటికి తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా నిలబడలేం, నిజమే. నల్లటి తారు గాలి కంటే చాలా ఎక్కువ కాగుతుంది, దాని ప్రభావం టైరు మీద ఉంటుంది. కానీ టైరు లోపలి వేడిలో ఎక్కువ భాగం టైరే పుట్టించుకుంటుంది. 80/100-18 సైజు వెనక టైరు ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 1.94 మీటర్లు వెళుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి సుమారు 515 చుట్లు, గంటకు 31 వేల చుట్లు. ప్రతి చుట్టులోనూ టైరులోని ప్రతి భాగం ఒకసారి నేలకు నొక్కుకుని చదునై మళ్లీ గుండ్రంగా లేస్తుంది. ఇనుప తీగను పదేపదే వంచుతుంటే వంపు దగ్గర వేడెక్కినట్టే ఇక్కడా జరుగుతుంది. రబ్బరు వంగడానికి తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మార్చుకుంటుంది. ఎంత ఎక్కువ వంగితే అంత ఎక్కువ వేడి. గాలి తక్కువైతే ఎక్కువ వంగుతుంది. బరువు ఎక్కువైనా, వేగం పెరిగినా అంతే.

ఇప్పుడు ఎండాకాలం గాలి తగ్గించడం గురించి. "ఎండలు మండిపోతున్నాయి, గాలి తగ్గించి కొట్టు, లేకపోతే టైరు పేలుద్ది" అన్న మాట గాలి కొట్టే ప్రతి చోటా వినిపిస్తుంది. దీని వెనక ఉన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి ముందే కాస్త తగ్గిస్తే సరిపోతుందన్నది ఆ తర్కం. లెక్క వేసి చూద్దాం. తెల్లవారుజామున 28 డిగ్రీల చల్లదనంలో వెనక టైరులో 29 పీఎస్‌ఐ గాలి ఉందనుకుందాం. మధ్యాహ్నం ప్రయాణంలో టైరు లోపలి గాలి 58 డిగ్రీలకు చేరితే గేజీ సుమారు 33.4 చూపిస్తుంది. నాలుగున్నర పీఎస్‌ఐ పెరిగింది. మంచి టైరుకి ఇది ఏమాత్రం భారం కాదు, ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకున్నాకే కంపెనీ చల్లటి టైరుకి అంకె ఇస్తుంది. ఆ మధ్యాహ్నం బంకు దగ్గర ఆగి, 33 చూసి భయపడి, తగ్గించి 29కి తెచ్చారనుకుందాం. మర్నాడు తెల్లవారేసరికి అదే టైరులో ఉండేది 25. ఆ 25తో ఇద్దరు ఎక్కి, సామాను కట్టి హైవే ఎక్కితే టైరు మరింత వంగుతుంది, మరింత వేడెక్కుతుంది. పేలకుండా ఉండాలని గాలి తీసిన మనిషి టైరు పేలడానికి దగ్గరి దారి వేసినట్టయింది. ట్యూబు ఉన్న టైరైతే ఇంకో ప్రమాదం. గాలి తక్కువైనప్పుడు బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద కాస్త జరుగుతుంది, దాంతో పాటు ట్యూబు జరిగి వాల్వు మొదట్లో చిరుగుతుంది. గాలి ఒక్కసారిగా పోతుంది.

కాబట్టి గాలి ఎప్పుడూ బండి రాత్రంతా ఆగి ఉన్నాక, పొద్దున్నే, ఇంటికి దగ్గర్లోనే చూపించుకోవాలి. ఎంత ఉండాలన్నది బండి మీద చైన్ కవర్ దగ్గరో, వెనక ఫోర్క్ మీదో ఉన్న స్టిక్కర్‌లో గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు అంకెలు ఉంటాయి. పక్కింటివాళ్ల బండి అంకె మన బండికి పనికిరాదు. టైరు పక్కగోడ మీద ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగలిగిన గరిష్ఠ పరిమితి, మనం కొట్టించుకోవలసిన అంకె కాదు. ఓపిక ఉన్నవాళ్లు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు కొలిచి, మామూలుగా వెళ్లే దారిలో అరగంట నడిపి, ఆగిన వెంటనే మళ్లీ కొలవాలి. 30 ఉన్నది 33 దాకా వచ్చిందంటే, అంటే పది శాతం పెరిగితే, లోపలి గాలి సుమారు 20 డిగ్రీలు వేడెక్కిందని అర్థం. రోడ్డు టైరుకి ఇది ఆరోగ్యకరమైన పెరుగుదల. అంతకంటే బాగా ఎక్కువ పెరిగిందంటే టైరు అతిగా వంగుతోంది, గాలి తక్కువో బరువు ఎక్కువో అయి ఉంటుంది. నైట్రోజన్ నింపితే ఈ బాధ ఉండదని కొన్నిచోట్ల చెబుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. పొడి నైట్రోజన్‌లో తేమ ఉండదు, అంతవరకూ కాస్త మేలు. వేడికి పెరగడంలో మాత్రం రెండిటికీ తేడా లేనట్టే.

గేజీ లేకపోతే అరచెయ్యి ఉంది. అరగంట ప్రయాణం తర్వాత ట్రెడ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగానో, కాస్త వేడిగానో ఉండాలి. చెయ్యి పెట్టి రెండు క్షణాలు కూడా ఉంచలేకపోతున్నామంటే ఏదో తేడా ఉంది. ముందు టైరు కంటే వెనక టైరు మామూలుగా కాస్త ఎక్కువ వేడిగా ఉంటుంది, బరువూ ఇంజన్ బలమూ దాని మీదే పడతాయి కాబట్టి.

టైరు వేడెక్కాలన్న మాట మన రోడ్ల మీదికి వచ్చింది రేసుల నుంచి. ప్రపంచ స్థాయి బైకు రేసులైన మోటోజీపీలో బండి గ్యారేజీలో ఉన్నంతసేపూ టైర్లకు కరెంటు దుప్పట్లు చుట్టి ఉంచుతారు. వాటిని దాదాపు 90 నుంచి 100 డిగ్రీల ప్రాంతానికి వేడి చేసి ట్రాక్ మీదికి పంపుతారు. ఆ రబ్బరు ఆ వేడిలోనే మెత్తబడి పట్టు ఇచ్చేలా తయారవుతుంది. చల్లబడితే గట్టిపడి, ప్రపంచంలోని గొప్ప రైడర్లు కూడా మొదటి ల్యాపులోనే జారిపోతారు. ఇందుకు జర్మనీలోని సాక్సెన్‌రింగ్ ట్రాక్ కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. అక్కడ 13 మలుపుల్లో 10 ఎడమవైపు, 3 మాత్రమే కుడివైపు. నాలుగో మలుపు నుంచి పదో మలుపు దాకా వరసగా ఏడూ ఎడమవే. ఆ ఏడు మలుపుల్లో టైరు ఎడమ భుజం, అంటే ఎడమ అంచు వైపు భాగం, కాగిపోతుంది, కుడి భుజం గాలికి చల్లారుతుంది. సరిగ్గా అప్పుడు పదకొండో మలుపు వస్తుంది. పల్లంలోకి దిగుతూ, మంచి వేగంలో, కుడివైపుకి. ఏళ్ల తరబడి అక్కడ ఎందరో రైడర్లు పడ్డారు. టైరు మొత్తం వేడిగానే ఉంది, నేలను తాకాల్సిన ఆ భాగం మాత్రం చల్లగా ఉంది. అందుకే అలాంటి ట్రాక్‌లకు ఒక భుజం మెత్తటి రబ్బరుతో, రెండో భుజం గట్టి రబ్బరుతో చేసిన టైర్లు తెస్తారు.

వేడి ఎక్కువైనా ఇబ్బందే. 2013 అక్టోబరులో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో మోటోజీపీ రేసు జరిగేనాటికి ట్రాక్‌కి కొత్తగా తారు వేసి ఉంది. పట్టు బాగా పెరిగింది, దాంతో టైర్లు తట్టుకోలేనంతగా కాగిపోయాయి. మామూలుగా 27 ల్యాప్‌లు సాగే రేసును 19కి కుదించి, మధ్యలో ప్రతి ఒక్కరూ బండి మార్చి తీరాలని రూలు పెట్టారు. నిర్ణయించిన దానికంటే ఒక ల్యాపు ఆలస్యంగా బండి మార్చినందుకు రైడర్ మార్క్ మార్కెజ్‌ను రేసు నుంచి తప్పించారు. మన దేశంలో 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీలో కూడా ఎండ తీవ్రతకి రేసును 21 ల్యాప్‌లకు తగ్గించారు. అది ప్రధానంగా మనుషుల కోసం చేసిన తగ్గింపు. ముందున్న బండి వెనకే అతుక్కుని వెళితే చల్లగాలి తగలక ముందు టైరు కాగి, గాలి ఒత్తిడి పెరిగి, పట్టు పోవడం కూడా మోటోజీపీలో ఈ మధ్య పెద్ద తలనొప్పి. అలాగని టీములు మరీ తక్కువ గాలితో మొదలుపెట్టకుండా ముందు టైరుకి కనీస ఒత్తిడి నిబంధన తెచ్చారు. మొదట 1.88 బార్, 2024లో దాన్ని 1.80 బార్ చేశారు. మన లెక్కలో సుమారు 26 పీఎస్‌ఐ. అంటే రేసుల్లో కూడా 'గాలి తక్కువ' అన్నది ప్రమాదంగానే చూస్తారు.

రేసు టైరు కథ రోడ్డు టైరుకి ఎందుకు వర్తించదన్నది అసలు విషయం. రోడ్డు టైరును 100 డిగ్రీల్లో పనిచేయమని తయారుచేయరు. పొద్దున్నే ఇంటి గేటు దాటగానే బ్రేకు పడాలి, వానలో ఆగాలి, 15 వేల కిలోమీటర్లు నడవాలి. అందుకే దాని రబ్బరులో నల్లపొడి (కార్బన్ బ్లాక్)తో పాటు సిలికా కలుపుతారు. చల్లదనంలో, తడిలో పట్టు నిలిపేది సిలికాయే. కాబట్టి మన ఎండల్లో రోడ్డు టైరుకి ప్రత్యేకంగా 'వేడెక్కించే' పని దాదాపు ఉండదు. హైదరాబాద్‌లో చలికాలం పొద్దుటైనా నాలుగైదు కిలోమీటర్లు మామూలుగా నడిపితే చాలు. ట్రాక్ మీద వాడి తీసేసిన మెత్తటి రేసు టైర్లు చవగ్గా దొరుకుతున్నాయని రోడ్డు బండికి ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు. అవి రోడ్డు మీద తమకు కావలసిన వేడికి ఎప్పటికీ చేరవు. పైగా కాగి చల్లారిన ప్రతిసారీ అవి కొంత గట్టిపడి ఉంటాయి. రూపం చూసి కొన్న ఆ టైరు మామూలు కంపెనీ టైరు కంటే తక్కువ పట్టు ఇస్తుంది.

పాములా మెలికలు తిరగడం కూడా రేసుల నుంచి వచ్చిన అలవాటే, అదీ కార్ల రేసుల నుంచి. నాలుగు చక్రాల బండి పక్కకి ఊగినప్పుడు టైరు మీద పెద్ద బలం పడుతుంది. రెండు చక్రాల బండి వాలిపోతుంది కాబట్టి ఆ ఊపులో టైరు వంగేది తక్కువ, వేడెక్కేదీ తక్కువే. పైగా ఆ మెలికల్లో నేలను తాకేది ఇంకా నిగనిగ పోని, ఇంకా చల్లగా ఉన్న భుజాలు. అంటే టైరులో అన్నిటికంటే బలహీనమైన భాగాన్ని అన్నిటికంటే బలహీనమైన సమయంలో పరీక్షిస్తున్నాం. నిజంగా టైరు లోపలికి వేడి పట్టాలంటే బండి నిటారుగా ఉన్నప్పుడు మెల్లగా యాక్సిలరేటర్ పెంచి, మెల్లగా బ్రేకుతో తగ్గించడమే పద్ధతి.

మన దగ్గర చలి సమస్యే లేదా అంటే ఉంది. డిసెంబరులో లంబసింగి చూడ్డానికి చీకటితోనే బయల్దేరే బండ్లు ఎన్నో. మైదానంలో కాస్త వెచ్చబడిన టైర్లు నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కేకొద్దీ చల్లారుతాయి. మంచు తుంపరతో రోడ్డు తడిగా ఉంటుంది, మలుపుల్లో చెట్ల నీడన ఆ తడి పొద్దెక్కేదాకా ఆరదు. మంచు చూడ్డానికి గంటసేపు బండి ఆపి, టీ తాగి, ఫొటోలు దిగి వెనక్కి బయల్దేరేసరికి టైరు మళ్లీ మొదటికి వచ్చేసి ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు ఇంజన్ బలంతో వచ్చిన వెనక టైరు కాస్త వేడిగా ఉంటుంది. దిగేటప్పుడు భారమంతా ముందు టైరు మీద, ముందు బ్రేకు మీద. ఆ టైరు అప్పటికి పూర్తిగా చల్లగా ఉంటుంది. పైకి ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేని మలుపే దిగేటప్పుడు జారడానికి ఇది ఒక కారణం.

తొలకరి వాన పడినరోజు ఇవన్నీ కలిసివస్తాయి. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె మరకలు, డీజిల్, రబ్బరు పొడి నీళ్లతో కలిసి పైకి తేలతాయి. నీళ్లు టైరును చల్లబరుస్తాయి, అణువుల అంటును తెంచేస్తాయి. మిగిలేది కంకరను చుట్టుకునే పట్టు ఒక్కటే. కొత్త టైరు అయితే ఆ నునుపు మీద అది కూడా అరకొరే. జూన్ మొదటి వారంలో టైరు మార్చేవాళ్లు వీలైతే వారం ముందే, పొడి రోజుల్లో మార్చుకుంటే ఎంతో మంచిది. వాన మొదలయ్యాక మార్చక తప్పకపోతే బ్రేకు దూరం రెండింతలు పెట్టుకోవాలి. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద బండి వంచకూడదు.

అలవాటు చేయడం పెద్ద విద్యేం కాదు. టైరు మార్చిన రోజు రిమ్ము అంచుల్లో సబ్బు తడి ఇంకా ఆరదు కాబట్టి ఒక్కసారిగా రైజ్ చేయడం, టైరు కీచుమనేలా బ్రేకు కొట్టడం చేయకూడదు. లేకపోతే టైరు రిమ్ము మీద తిరిగిపోతుంది. మర్నాడు పొద్దున్న గాలి మళ్లీ చూసుకోవాలి, టైరు అంచులు రిమ్ములో సర్దుకునే క్రమంలో కాస్త తగ్గి ఉండొచ్చు. ఆ తర్వాత పొడిగా, శుభ్రంగా ఉన్న తారు రోడ్డు చూసుకుని, మలుపులున్న దారిలో తిరగాలి. సిటీ చుట్టూ ఉండే పెద్ద రౌండ్ సర్కిళ్లు దీనికి బాగా పనికొస్తాయి, ట్రాఫిక్ లేని ఆదివారం పొద్దున. మొదట బండి కొద్దిగా వంచాలి, తర్వాత ఇంకాస్త. ప్రతిసారీ కిందటిసారి కంటే ఒక వేలు వెడల్పున గరుకు అంచువైపు జరుగుతుంది. కుడి పక్క, ఎడమ పక్క రెండూ చూసుకోవాలి. గరుకు కాగితంతో రుద్దితే పని అయిపోతుందని కొందరు అంటారు. నునుపు కొంత పోతుంది, నిజమే. లోపలి పొరలు సర్దుకోవడం, చేతులు అలవాటు పడటం రుద్దితే జరిగేవి కావు. పెట్రోలు, థిన్నర్ మాత్రం టైరు దగ్గరికి రానివ్వకూడదు. అవి రబ్బరులోని నూనెలను పీల్చి పైపొరను పాడుచేస్తాయి. తుడవాలనిపిస్తే సబ్బు నీళ్లతో తుడిచి, మంచి నీళ్లతో కడిగి, ఆరనిస్తే సరి.

షాపులో టైరు కొనేటప్పుడు చూడాల్సింది ఇంకొకటి ఉంది. పక్కగోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. నాలుగైదేళ్ల కిందటి టైరు రోడ్డెక్కకపోయినా లోపల కొంత గట్టిపడి ఉంటుంది. దాన్ని ఎంత జాగ్రత్తగా అలవాటు చేసినా, ఎంత వేడెక్కించినా కొత్త టైరు పట్టు రాదు. పక్కనే బాణం గుర్తు కూడా ఉంటుంది, చక్రం తిరిగే దిక్కు అదే. తొందరలో టైరు తిరగేసి బిగించడం తరచూ జరుగుతుంది కాబట్టి రిమ్ము బండికి ఎక్కించకముందే ఆ బాణం చూసుకుని, అవసరమైతే అక్కడికక్కడే మార్పించుకోవాలి.